నెల తప్పిన వారానికే: మనిషి గుండె పుట్టుక

(బోనకల్‌లో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



సుబ్బారావుగారి పేరున జరిగే సభలో గర్భంలో గుండె ఎలా తయారవుతుందో చెబుతానన్నప్పుడు, ఈ రెంటికీ సంబంధమేమిటని నిర్వాహకులు అడిగారు. సంబంధం ఉంది. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1920లలో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే రెండు పదార్థాలను కండరంలో గుర్తించారు. గుండె ముడుచుకునే ప్రతిసారీ ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. గుండెలో నిలవ ఉండేది కొన్ని క్షణాలకు సరిపోయేంతే కాబట్టి, ఎప్పటికప్పుడు తయారుచేసుకుంటూనే కొట్టుకుంటుంది. తర్వాత ఆయన లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మన ఆశమ్మలు గర్భిణుల చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. కొట్టుకునే గుండెకు కావలసిన శక్తి గురించీ, కొత్త కణాలు పుట్టడానికి కావలసిన విటమిను గురించీ ఒకే తెలుగువాడు ఇంత పని చేశాడు. ఆయన్ను తలుచుకోవడానికి ఇంతకన్నా తగిన విషయం నాకు తోచలేదు.

ఇంకో కారణం ఈ ప్రాంతానికి సంబంధించింది. పుట్టిన బిడ్డకు గుండెలో లోపం ఉందని డాక్టరు చెప్పగానే ఇంట్లో మొదట వినపడే మాట తల్లి మీదే ఉంటుంది. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, ఏదో తినకూడనిది తిన్నదనో, ఎవరి ఉసురో తగిలిందనో అంటారు. ఆ తల్లి పచ్చి బాలింత. బిడ్డను బతికించుకోవడానికి తిరగాలా, ఈ మాటలు మోయాలా? గుండె ఎప్పుడు, ఏ క్రమంలో తయారవుతుందో తెలిసినవాళ్ళు ఆ మాట అనలేరు. నేను వచ్చింది ముఖ్యంగా దానికోసం.

గర్భంలో ముందు ఏ అవయవం పుడుతుందన్న ప్రశ్న చాలా పాతది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో దీని మీద ఒక చర్చ ఉంది. శౌనకుడు తల అన్నాడు. కృతవీర్యుడు గుండె అన్నాడు. పారాశర్యుడు బొడ్డు అన్నాడు. మార్కండేయుడు కాళ్ళూ చేతులూ అన్నాడు, సుభూతి గౌతముడు నడిమి భాగం అన్నాడు. చివరికి ధన్వంతరి, అన్నీ ఒకేసారి మొదలవుతాయనీ, మరీ చిన్నవి కావడం వల్ల కనపడవనీ తేల్చి, లేత మామిడి పిందెను ఉదాహరణగా చూపాడు. టెంక, పీచు, గుజ్జు అన్నీ పిందెలోనే ఉన్నా పండాకే విడివిడిగా తెలుస్తాయి కదా. సూక్ష్మదర్శిని లేని కాలంలో ఇంత దూరం ఆలోచించారంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇవాళ్టి లెక్కలో ఆ సభలో కృతవీర్యుడికి కూడా సగం మార్కులు పడాలి. పిండంలో అన్నిటికంటే ముందు పనిలోకి దిగే అవయవం గుండె.

గ్రీకు దేశంలో అరిస్టాటిల్ పొదిగే కోడి కింద గుడ్లను రోజుకొకటి పగలగొట్టి చూశాడు. మూడు పగళ్ళూ మూడు రాత్రులూ గడిచాక తెల్లసొనలో ఒక నెత్తుటి చుక్క ఎగిరెగిరి పడుతూ కనపడిందని రాశాడు. రక్తం ఒళ్ళంతా తిరుగుతుందని 1628లో నిరూపించిన విలియం హార్వే, 1651లో అచ్చయిన పుస్తకంలో నాలుగో నాటి గుడ్డులో అదే చుక్కను మళ్ళీ వర్ణించాడు. ముడుచుకున్నప్పుడు మాయమై, విచ్చుకున్నప్పుడు ఎర్రగా కనపడేదట. మీలో కోళ్ళు పెంచే ఆడవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. పొదగేసిన నాలుగైదు రోజులకు గుడ్డును చీకట్లో దీపానికి ఎదురుగా పట్టి, లోపల ఎర్రటి నరాలు కనపడితే ఉంచి, కనపడకపోతే తీసేస్తారు. అరిస్టాటిల్ చూసింది, మీరు చూస్తున్నది ఒకటే. కోడిపిల్ల గుండె అసలు రెండో రోజునే కదలడం మొదలుపెడుతుంది, కాకపోతే భూతద్దం కావాలి.

మనిషి పిండంలో ఇలా చూడటం కుదరదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఫ్రాంక్లిన్ మాల్ అనే శరీర శాస్త్రవేత్త, గర్భస్రావాలలోనూ ఆపరేషన్లలోనూ దొరికిన పిండాలను పోగుచేసి, కార్నెగీ సంస్థ అండతో ఒక పెద్ద సేకరణ నిలబెట్టాడు. ఆ పిండాలను పలచటి పొరలుగా కోసి, రంగువేసి, ఒక్కో దశనూ నిర్ణయించారు. నేనిప్పుడు ఫలానా రోజు ఫలానాది జరుగుతుందని ఇంత ధీమాగా చెబుతున్నానంటే, బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లుల వల్లే. పేర్లు తెలియని ఆ తల్లులకు ఈ సభలో ఒక నమస్కారం పెట్టి ముందుకు వెళ్తాను.

రోజుల లెక్క ముందు సరిచేసుకుందాం. డాక్టరమ్మ చీటీ మీద రాసే వారాలు ఆఖరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి లెక్క. పిండం అసలు వయసు దానికి దాదాపు రెండు వారాలు తక్కువ. నేను చెప్పేవన్నీ పిండం అసలు వయసు ప్రకారం. ఈ లెక్కలో నెల తప్పిందని ఆడమనిషికి అనుమానం వచ్చే నాటికి పిండం వయసు 14, 15 రోజులు.

సరిగ్గా అప్పుడే గుండె పని మొదలవుతుంది. పిండం అప్పటికి పలచటి బిళ్ళ. 15, 16 రోజుల వయసులో దాని మధ్య గీత దగ్గర కణాలు లోపలికి దిగి, తలా ఒక దారిన బయలుదేరతాయి. గుండె కావలసిన కణాలు ముందు వైపుకు, అంటే తల ఏర్పడబోయే చోటుకు కూడా అవతలికి పోయి, 18, 19 రోజులకు వంపు తిరిగిన ఒక పట్టీగా కూడుకుంటాయి. అవును, మొదట్లో మన గుండె తలకు పైన ఉంటుంది. తర్వాత పిండం తల ముందుకు ముడుచుకోవడంతో, ఆ పట్టీ తల కిందికి, మెడ దగ్గరికి, అక్కడి నుంచి రొమ్ములోకి దిగుతుంది. దానితో పాటే ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం మొదటి ముక్క కూడా దిగుతుంది. అందుకే పొట్టకు పైన ఉండే ఆ కండరానికి నరం మాత్రం ఇప్పటికీ మెడ నుంచే వస్తుంది. ఒకప్పుడు ఎక్కడున్నదో ఆ నరం చెబుతుంది.

పిండం రెండు పక్కలా లోపలికి ముడుచుకునే సరికి, పట్టీలోని రెండు సన్నటి గొట్టాలు మధ్యలో కలిసి ఒకటవుతాయి. 21, 22 రోజులకు గుండె అంటే ఒక్క గొట్టం. గదులు లేవు, కవాటాలు లేవు. పిండం మొత్తం పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, అంటే ఒక నువ్వుగింజంత. ఆ గొట్టం ఇంచుమించు 22వ రోజున కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అంటే నెల తప్పిన వారానికి. చాలామంది ఆడవాళ్ళు అప్పటికి ఇంట్లో కూడా చెప్పి ఉండరు.

మెదడు నుంచి ఆజ్ఞ ఏదీ రాదు, అక్కడికి ఒక్క నరం కూడా ఇంకా చేరలేదు. ఆ కండర కణాలలో ఎవరూ చెప్పకుండానే ముడుచుకునే గుణం ఉంది. వాటిని విడదీసి గాజు పళ్ళెంలో పెట్టినా ఒక్కొక్కటీ దేనికదే కొట్టుకుంటుంది, రెండు కణాలు ఒకదానికొకటి తగిలితే రెంటిదీ ఒకే లయ అవుతుంది. నేను మొదటిసారి సూక్ష్మదర్శినిలో అది చూసినప్పుడు చాలాసేపు కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఇప్పటికీ విద్యార్థులకు చూపిస్తున్నప్పుడు అంతే.

ఇంత తొందర దేనికి? పిండం మరీ చిన్నగా ఉన్నంత కాలం ఆహారం, ప్రాణవాయువు చుట్టూ ఉన్న ద్రవంలోంచి నానినట్టు కణాలకు అందుతాయి. కాస్త మందం పెరిగాక లోపలి కణాలకు చాలవు. రక్తం పారాలి. కాబట్టి గుండె పూర్తయ్యే దాకా ఆగే వీలు లేదు. మన బోనకల్ బ్రాంచి కాలువకు షట్టర్లు బిగించాలన్నా, లైనింగు వేయాలన్నా ఎండాకాలం సాగర్ నీళ్ళు కట్టేశాకనే మొదలుపెడతారు. గుండెకు ఆ వెసులుబాటు లేదు. నీళ్ళు పారుతుండగానే కాలువను వంచాలి, రెండుగా చీల్చాలి, తూములు పెట్టాలి. మరో విశేషం, ఆ పారకమే కాలువ రూపాన్ని దిద్దుతుంది. 2003లో జీబ్రా చేప పిల్లల గుండెలో రక్తం పారకుండా అడ్డుపెట్టి చూస్తే, కవాటాలు ఏర్పడలేదు, గుండె సరిగా వంగలేదు. రక్తం ఒరుసుకుంటూ పోయే ఒరిపిడిని గోడలోని కణాలు గుర్తుపట్టి, దాన్ని బట్టి పెరుగుతాయి. ధార తగ్గిన గది చిన్నదిగా ఉండిపోయే ప్రమాదం ఉంది. గుండె పనిచేయడానికి తయారుకావడమే కాదు, పనిచేయడం వల్ల కూడా తయారవుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా ఉపన్యాసం అంతా అర్థమైనట్టే.

23వ రోజు నుంచి గొట్టం వంగుతుంది. రెండు కొసలూ కట్టేసి ఉండగా పొడవు పెరుగుతోంది, వంగక ఏం చేస్తుంది? పొడవు ఎక్కడి నుంచి వస్తోందో చాలాకాలం తెలియలేదు. ముందు చేరిన కణాలే సాగుతున్నాయనుకున్నారు. 2001లో మూడు ప్రయోగశాలలు వేరువేరుగా, ఇంచుమించు ఒకేసారి చూపించిందేమిటంటే, గొట్టం వెనక ఇంకో దండు కణాలు కాచుకొని ఉండి, కొట్టుకుంటున్న గుండెకు రెండు కొసల నుంచీ వచ్చి చేరుతూనే ఉంటాయి. మన గుండెలో ఊపిరితిత్తులకు రక్తం పంపే కుడి కింది గది ఎక్కువ భాగం అలా ఆలస్యంగా చేరినవాళ్ళు కట్టిందే.

వంపు కుడివైపుకే తిరుగుతుంది. ఎడమ ఏదో కుడి ఏదో పిండానికి ఎవరు చెప్పారు? గుండె కంటే ముందే, పిండం బిళ్ళ మీద ఒక చిన్న గుంటలో సన్నటి వెంట్రుకల్లాంటి శైలికలు గిర్రున తిరుగుతూ అక్కడి ద్రవాన్ని ఎడమ వైపుకు నెడతాయి. టోక్యోలో హిరోకావా బృందం 1998లో ఎలుక పిండాలలో దీన్ని చూపించింది. ద్రవం పోయిన వైపు ఎడమ. ఆ శైలికలు కదలని వాళ్ళలో గుండె ఎటు తిరుగుతుందో చెప్పలేం. స్వీడన్‌కు చెందిన ఆఫ్‌జేలియస్ 1976లో గమనించినట్టు, గుండె కుడివైపు ఉండి, విడవని జలుబుతో, తెమడతో బాధపడే కొందరిలో ముక్కులో, ఊపిరి గొట్టంలో ఉండే శైలికలు కూడా కదలవు. రెంటికీ మూలం ఒకటే. అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా పూర్తిగా తారుమారైన వాళ్ళలో చాలామంది మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు.

నాలుగో వారం చివర నుంచి గోడలు లేవడం మొదలవుతుంది. ఈ భాగం దగ్గర కొంచెం నిలబడతాను, మనం ఆసుపత్రుల్లో వినే లోపాలు ఎక్కువ ఇక్కడివే.

గొట్టం మధ్యలో, పై గదులకూ కింది గదులకూ నడుమ, ముందు నుంచి ఒకటి వెనక నుంచి ఒకటి మెత్తటి దిండ్లు ఉబ్బి వచ్చి కలుస్తాయి. దాంతో ఒక దారి రెండు దారులవుతుంది. ఆ దిండ్లలోంచే కవాటాలు రూపుదిద్దుకుంటాయి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, వాళ్ళలో ఎక్కువగా తడబడేది ఈ దిండ్ల కలయికే.

పై గదుల మధ్య గోడ లేచే తీరు చాలా విచిత్రం. ఒక పలచటి పొర పై నుంచి కిందికి దిగి, దిండ్లను తాకి మూసుకుంటుంది. మూసుకోబోయే ముందే దాని పై భాగంలో కొత్తగా ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీని కప్పుతూ కుడిపక్కన ఇంకో మందమైన గోడ దిగుతుంది. అది కూడా కొంత మేర ఖాళీ వదులుతుంది. రెండూ కలిసి ఒక వైపుకే తెరుచుకునే తలుపవుతాయి. గర్భంలో బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు కాబట్టి, మాయ నుంచి వచ్చే మంచి రక్తం కుడి నుంచి ఎడమకు ఈ తలుపు గుండానే పోవాలి. అంటే ఆ ఖాళీ పొరపాటు కాదు, బిడ్డ గర్భంలో బతకడానికి పెట్టిన ఏర్పాటు.

కింది గదుల మధ్య కండరపు గోడ అడుగు నుంచి పైకి లేస్తుంది. పైన మిగిలిన చిన్న సందును దిండ్ల నుంచి వచ్చే పొర ఏడో వారం దాకా మూయదు. అన్నిటికంటే ఆఖరున పూర్తయ్యే మూలల్లో అదొకటి. పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనపడే లోపం ఈ గోడలోదే. మన ఊళ్ళలో గుండెకు చిల్లు పడిందంటారు. ఉన్న గోడకు ఏదో తగిలి చిల్లు పడలేదు, లేస్తున్న గోడ ఆ మూల దాకా చేరలేదు. కండర భాగంలోని చిన్న సందులు చాలా వరకు పుట్టాక వాటంతటవే మూసుకుంటాయి కూడా. కట్టుబడి ఇంకా సాగుతోందన్నమాట.

ఇక గుండెలోంచి బయటికి పోయే పెద్ద నాళం. అది కూడా మొదట ఒకటే. దాని లోపల ఒక గోడ మెలిక తిరుగుతూ లేచి, ఒంటికి రక్తం పంపే బృహద్ధమనిని ఒక వైపు, ఊపిరితిత్తులకు పంపే పుపుస ధమనిని ఇంకో వైపు విడదీస్తుంది. మెలిక తిరగకుండా నిటారుగా లేస్తే రెండు ధమనులూ తారుమారై, చెడు రక్తం ఒంటికి, మంచి రక్తం తిరిగి ఊపిరితిత్తులకు పోతుంది. అలాంటి బిడ్డకు పుట్టిన రోజుల్లోనే వైద్యం అందాలి. ఈ మెలిక గోడ కట్టే కణాలు గుండెవి కానే కావు. ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారిన్, కముజు పిట్ట పిండం కణాలను కోడి పిండంలో నాటి, అవి ఎటు పోతున్నాయో వెంబడించే పద్ధతి కనిపెట్టింది. ఆ దారిలోనే అమెరికాలో మార్గరెట్ కర్బీ 1983లో చూపించిందేమిటంటే, మెడ వెనక, వెన్నుపాము అంచున పుట్టిన కణాలు నడుచుకుంటూ గుండె దాకా వచ్చి ఈ గోడ కడతాయి. కోడి పిండంలో వాటిని తీసేస్తే గోడ లేవలేదు, నాళం ఒకటిగానే మిగిలింది.

అదే జాతి కణాలు ముఖంలోకి కూడా నడుస్తాయి, దవడలు, అంగిలి కడతాయి. అందుకే అంగిలి చీలి పుట్టిన బిడ్డకు గుండె పరీక్ష కూడా చేయించాలంటారు. ఆ బిడ్డకు మనవాళ్ళు గ్రహణం మొర్రి అని పేరు పెట్టారు. చంద్రుడికి పట్టిన గ్రహణం ఈ కణాలను ఆపదు. ఎనిమిదో వారం ముగిసేసరికి, అంటే డాక్టరు చీటీలో పదో వారానికి, నాలుగు గదులూ, నాలుగు కవాటాలూ, రెండు ధమనులూ సిద్ధమైపోతాయి. బిడ్డ పొడవు అప్పటికి మూడు సెంటీమీటర్లు. సీమంతం ఏడో నెలలో, ఆంక్షలు ఐదో నెల నుంచి. కడుపు కనపడ్డాక పెట్టే ఏ కట్టడీ గుండె గోడలను చేరదు.

మరి లోపాలు ఎందుకొస్తాయి? పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 8, 9 మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. డబ్బున్న దేశంలోనూ అంతే, పేద దేశంలోనూ అంతే. ఎక్కువ మందిలో ఇదీ కారణమని వేలెత్తి చూపడానికి ఏమీ దొరకదు. కొన్నింటికి జన్యువులు కారణం. మేనరికాలు తరతరాలుగా సాగే కుటుంబాల్లో ఒకే లోపమున్న జన్యువు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కలిసే అవకాశం పెరుగుతుంది. మన తెలుగు నేలలో మామకూ మేనకోడలికీ పెళ్ళి చేసే అలవాటు ఇంకా ఉంది, దాని గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. అది కూడా తల్లి ఒక్కదాని నిర్ణయం కాదు, పెళ్ళి కుదిర్చింది పెద్దలు. గర్భం రాకముందే తల్లికి షుగరు ఉండి అదుపులో లేకపోతే ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. మూర్ఛకు వాడే కొన్ని మందులతోనూ ముప్పు ఉంది. అవి వాడేవాళ్ళు సొంతంగా మానేయకూడదు, పిల్లల కోసం అనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు కంటిలో శుక్లం, గుండెలో లోపం రెండూ రావచ్చని ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు 1941లో కనిపెట్టాడు. 2017లో మన బడుల్లో పిల్లలకు వేసిన మీజిల్స్-రుబెల్లా టీకా వెనక ఉన్న కథ అది. ఆనాడు సూది వేయించుకున్న ఆడపిల్లలు ఇప్పుడు తల్లులయ్యే వయసుకు వస్తున్నారు.

ఇక్కడ సుబ్బారావుగారి దగ్గరికి తిరిగి రావాలి.

ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగులు ఆహారాన్ని పట్టుకోలేక మనిషి నీరసించి, నెత్తురు ఎండిపోయే జబ్బు అది. ఆయనకూ వస్తే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతిగారి మందుతో బతికి బయటపడ్డారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టుకున్నందుకు పెద్ద పట్టా దక్కలేదు. అమెరికా వెళ్ళినా ఆ జబ్బు సంగతి ఆయన మనసులోంచి పోలేదని నేను నమ్ముతాను. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు, ఈస్టు సారంలో ఏదో పదార్థం వాళ్ళను బాగుచేస్తోందని 1931లో ప్రకటించింది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూరను పిండి, అదే కుటుంబానికి చెందిన పదార్థాన్ని కాస్తంత బయటికి తీసి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. టన్నుల ఆకుకు చిటికెడు వస్తే రోగులకు ఏం సరిపోతుంది? సుబ్బారావుగారి బృందం దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేయగలిగే స్థితికి తెచ్చింది. వెంటనే స్ప్రూ రోగుల మీద వాడారు, వాళ్ళు కోలుకున్నారు.

కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్‌ఏను రెండింతలు చేసుకోవాలి. ఆ పనికి ఫోలేట్ తప్పనిసరి. ఎక్కడ కణాలు వడివడిగా చీలుతాయో అక్కడ దీని కరువు ముందు తెలుస్తుంది. నెత్తురు తయారయ్యే ఎముక మూలుగలో, పిండంలో. దీనికి ఎదురు పరీక్ష కూడా ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారుచేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాంతో 1948లో రక్త క్యాన్సరు పిల్లలకు కొన్నాళ్ళైనా ఊపిరి పోశాడు. క్యాన్సరు కణాల చీలికను ఆపిన ఆ మందే, తర్వాతి సంవత్సరాల్లో తొలి నెలల గర్భిణులు తీసుకున్నప్పుడు పిండాలను దెబ్బతీసింది, బతికి పుట్టిన కొందరు పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే పోయిన సుబ్బారావుగారు పిండాల మీద ఆ మందు దెబ్బను చూడలేదు.

గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలా వరకు తగ్గుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపిన పరీక్షలో తేలింది. అప్పటికే అలాంటి బిడ్డను కన్న తల్లుల్లో ఆ ముప్పు 72 శాతం తగ్గింది. మరుసటి సంవత్సరం హంగరీలో చైజెల్ బృందం మామూలు తల్లుల్లోనూ అదే చూపించింది, తర్వాత ఆ పిల్లల్లో గుండె లోపాలు కూడా తగ్గాయని చెప్పింది. కెనడా 1998 నుంచి గోధుమపిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేశాక, క్విబెక్ రాష్ట్రంలో తీవ్రమైన గుండె లోపాలతో పుట్టే పిల్లల సంఖ్య ఏటేటా తగ్గుతూ వచ్చిందని 2009లో ప్రకటించారు. వెన్నుపాము విషయంలో ఉన్నంత గట్టి రుజువు గుండె విషయంలో లేదని నేను దాచను. మాత్ర వేసుకుంటే గుండె లోపం రానే రాదని ఎవరైనా అంటే నమ్మకండి. వేసుకున్న తల్లికి లోపమున్న బిడ్డ పుట్టవచ్చు, వేసుకోని తల్లికి నిక్షేపంలాంటి బిడ్డ పుట్టవచ్చు. అయినా ఇంత చవకైన, ప్రమాదం లేని రక్షణ ఇంకోటి మన చేతిలో లేదు.

బిడ్డ పుట్టిన క్షణం గురించి రెండు మాటలు. మొదటి ఏడుపుతో ఊపిరితిత్తులు విచ్చుకుని రక్తం అటు పొంగుతుంది. ఎడమ వైపు ఒత్తిడి పెరిగి, పై గదుల మధ్య తలుపు దగ్గరికి పడుతుంది. రెండు ధమనులను కలిపే ఒక అడ్డదారి కూడా రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోతుంది. పెద్దవాళ్ళలో నలుగురిలో ఒకరికి ఆ తలుపు పూర్తిగా అతుక్కోదు, వాళ్ళలో ఎక్కువమందికి అది ఉన్నట్టే తెలియదు. అడ్డదారి మూసుకోకపోతే మాత్రం మూయించాలి. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ దాన్ని కట్టి మూయడంతోనే పిల్లల గుండె శస్త్రచికిత్స మొదలైంది. 1944 నవంబరులో జాన్స్ హాప్కిన్స్‌లో హెలెన్ టాసిగ్ ఆలోచనతో, ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ చేతులతో, ఆయన వెనక పీట మీద నిలబడి ప్రతి అడుగూ చెప్పిన నల్లజాతి సహాయకుడు వివియన్ థామస్ నేర్పుతో, నీలంగా మారిన పసిపాపకు ఆపరేషన్ జరిగింది. ఆ రోజుల్లో మన పల్లెల్లో అలాంటి పిల్లలు పేరు పెట్టకముందే పోయేవాళ్ళు. ఇప్పుడు ఆరోగ్యశ్రీ ఉంది, నిమ్స్ ఉంది, 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్‌లో పెద్ద లోపాలు చాలా వరకు ముందే తెలుస్తాయి.

ఆశమ్మలూ, మీరు ఇంటికి వెళ్ళినప్పుడు బిడ్డ పాలు తాగడం చూడండి. ఆగి ఆగి తాగుతూ నుదుట చెమట పడుతోందా? డొక్కలెగరేస్తోందా? బరువు ఎక్కడంలేదా? మాటిమాటికీ నెమ్ము చేస్తోందా? ఏడ్చినప్పుడు పెదాలు, నాలుక నీలమవుతున్నాయా? కాస్త పెద్ద పిల్ల ఆడుతూ ఆడుతూ ఆయాసం వచ్చి గొంతుక్కూర్చుంటోందా? ఇందులో ఏది కనపడినా ఖమ్మం పంపించండి, ఆ తల్లిని మాత్రం ఏమీ అడగకండి.

ఇక ఆఖరి సంగతి. గర్భం కోసం చూసే దశ నుంచి మొదటి మూడు నెలల దాకా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని రక్తహీనత నివారణకు 2018లో కేంద్రం తెచ్చిన కార్యక్రమంలోనే రాసి ఉంది. మనం మాత్రం ఆడబిడ్డ పేరు గర్భిణిగా నమోదయ్యాక మాత్ర ఇస్తున్నాం. అది రెండో నెలో మూడో నెలో అవుతుంది, గోడలు అప్పటికే లేచిపోయి ఉంటాయి. మీ దగ్గర దంపతుల రిజిస్టరు ఉంది. ఈ ఏడు పెళ్ళై రావినూతలకో ముష్టికుంట్లకో కాపురానికి వచ్చిన కొత్త కోడళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. మాత్ర మొదలు కావలసింది ఆ పేజీ నుంచి.

జనవరి వచ్చిందంటే మన మిరప చేలల్లో కాయ ఏరడానికి భద్రాచలం అడవుల నుంచీ, ఛత్తీస్‌గఢ్ నుంచీ కోయ కుటుంబాలు వచ్చి చేల పక్కనే గుడారాలు వేసుకుంటాయి. పెళ్ళై ఏడాది కూడా కాని పిల్లలు వాళ్ళలో ఎందరో ఉంటారు. మార్చిలో తిరిగి వెళ్ళేలోగా కొందరికి నెల తప్పుతుంది, కొందరి కడుపులో ఒక గుండె పూర్తిగా తయారైపోతుంది. వాళ్ళ ఊరి రిజిస్టరు వాళ్ళ ఊళ్ళోనే ఉంటుంది, మన రిజిస్టరులో వాళ్ళు ఉండరు. వచ్చే జనవరిలో మొదటి గుడారం లేచిన వారంలోనే, చేను గలవాళ్ళు చెప్పగా మన ఏఎన్‌ఎంలు, ఆశలు వెళ్ళి ఆ ఆడవాళ్ళ పేర్లు రాసుకొని మాత్రలు చేతికివ్వాలని, అందుకు ఒక విడి పుస్తకం పెట్టాలని ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను. అధ్యక్షులు అనుమతిస్తే ఇప్పుడే చేతులెత్తి తీర్మానం చేద్దాం.